అరవై నాలుగో నంబరు పాట

సుబ్బలక్ష్మమ్మకు చదువు రాదన్న సంగతి, కర్నూలుకు కాపురం వచ్చిన తొమ్మిదేళ్ళలో బయటివాళ్ళెవరికీ తెలియలేదు. తెలియనివ్వకుండా ఆమె పడిన తిప్పలు చూస్తే, అంతకంటే చదువు నేర్చుకోవడమే సులువు కదా అనిపిస్తుంది. ఎవరైనా పెళ్ళి పత్రిక చేతికిస్తే ముందు దేవుడి బొమ్మను కళ్ళకద్దుకునేది. తర్వాత దాన్ని పక్కామెకు అందించి, ముహూర్తం ఎప్పుడో చూడమ్మా, అద్దాలు లోపల పెట్టొచ్చినా అనేది. గుడిలో స్తోత్రాల పుస్తకాలు పంచితే తానూ ఒకటి తీసుకుని ఒళ్ళో తెరుచుకునేది. పక్కవాళ్ళు పేజీ తిప్పినప్పుడల్లా తిప్పేది. విని విని అన్నీ నోటికొచ్చేశాయి కాబట్టి పెదవులు ఎక్కడా తడబడేవి కావు.

ఆమె పుట్టింది కోయిలకుంట్ల దగ్గర పల్లెలో, భూములున్న ఇంట్లో. రెండో తరగతి సగంలో ఉండగా తమ్ముడు పుట్టాడు. వాడిని ఎత్తుకోవడానికి మనిషి కావాలని నాయన ఆమెను బడి మాన్పించాడు. అంకెలు మాత్రం అప్పటికే వచ్చేశాయి. పెళ్ళయ్యాక భర్త ఓబులేసు బేతంచెర్లలో నాపబండల పాలిష్ ఫ్యాక్టరీ పెట్టాడు. కాగితాలు ఆమె పేరు మీద రాయించాల్సి వచ్చి, నెల రోజులు కూర్చోబెట్టి సంతకం నేర్పాడు. ఐదక్షరాల పేరులో మూడింటికి ఒత్తులు. ముగ్గు వేసినట్టు, ఒక్క మెలిక తప్పకుండా దాన్ని గీసేది. అందులో ఏ అక్షరం ఏదో అడిగితే మాత్రం చెప్పలేదు.

కొడుకు భూపేష్ చదువు కోసం కర్నూలులో ఇల్లు కట్టుకున్నారు. ఓబులేసు వారమంతా ఫ్యాక్టరీ దగ్గరే ఉండి శనివారం రైలుకు వచ్చేవాడు. భూపేష్ డిగ్రీ అయ్యాక తండ్రి దగ్గరే పనికి చేరాడు. ఇక ఇంట్లో వారమంతా సుబ్బలక్ష్మమ్మ ఒక్కతే. ఆమెకు పొద్దుపోయేది పాటలతోనే.

టేపురికార్డరు ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది లేకపోయింది. క్యాసెట్ల మీద బొమ్మలుండేవి. వెంకటరమణుడిది ఎర్ర అట్ట, అమ్మవారిది పసుపు అట్ట, మూల విరిగిన డబ్బాలో ఉండేవి మంగళహారతులు. 2005లో భూపేష్ తన మొదటి సంపాదనతో అమ్మకు హోం థియేటర్ కొనుక్కొచ్చాడు. ఐదు చిన్న స్పీకర్లు, మూలన నిలబెట్టే ఒక పెద్ద నల్ల డబ్బా. దాంట్లో పెట్టే సీడీని చేతికిచ్చి, ఇది ఎంపీత్రీ సీడీ, నీ క్యాసెట్లన్నీ ఈ ఒక్కదాంట్లో పట్టినాయి, నూట ఇరవై పాటలు అని చెప్పాడు. ఆమె దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. బొమ్మ లేదు, రంగు లేదు. ఎటు తిప్పినా తన ముఖమే కనపడింది. మిషను ముందర నీలం వెలుగులో పాట పేరు ఇంగ్లీషు అక్షరాల్లో జరుగుతూ పోతుంటే గుండెల్లో రాయి పడ్డట్టయింది.

కానీ రిమోట్‌లో అంకెలున్నాయి. ఫలానా నంబరు నొక్కితే ఫలానా పాట వస్తుందని భూపేష్ ఒకసారి చూపించాడు. ఆమెకు అంతే చాలు. ఆషాఢమంతా మధ్యాహ్నాలు తలుపు వేసుకుని, ఒకటి నుంచి నూట ఇరవై దాకా ఒక్కో నంబరూ నొక్కి, పాట విని, మనసులో నాటుకుంది. నెల తిరిగేసరికి ఏ పాట అడిగినా ఆమె వేళ్ళు వాటంతటవే నంబరు నొక్కేవి.

ఆ వీధిలో శుక్రవారం భజన నడిపేది స్వర్ణలత. బ్యాంకు ఉద్యోగి భార్య, డిగ్రీ చదివిన మనిషి. పెద్ద మిషను ఉందని భజనను సుబ్బలక్ష్మమ్మ ఇంటికి మార్పించింది. పాట పేరు చెప్పీ చెప్పకముందే అది మోగుతుంటే ఆడవాళ్ళంతా ఆశ్చర్యపోయేవాళ్ళు. మేము కాగితం చూసినా దొరకదు, సుబ్బలక్ష్మక్క తలలోనే పుస్తకం ఉండాది అని స్వర్ణలత అందరి ముందూ మెచ్చుకుంది. యాభై ఏళ్ళ బతుకులో ఆ మాటకు సాటి వచ్చే మాట సుబ్బలక్ష్మమ్మ ఎన్నడూ వినలేదు. ఆ రోజంతా అన్నం కూడా సహించనంత సంతోషం. ఆ సంతోషం అడుగున ఎప్పుడూ ఒక భయం మెదులుతూనే ఉండేది.

ఆ భయం సంగతి పసిగట్టింది ఒక్క జీవమ్మే. ఆ వీధిలో నాలుగిళ్ళలో పని చేసే ఆవిడ, పాతబస్తీ నుంచి వచ్చేది. ఏడో తరగతి దాకా చదివింది. ఆదివారం చర్చిలో అందరికీ వినపడేటట్టు బైబిలు చదివేది తనేనట. ఒకరోజు సుబ్బలక్ష్మమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉండగా గేటు చప్పుడైంది. స్వర్ణలత వస్తోంది. సుబ్బలక్ష్మమ్మ చప్పున సీడీతో వచ్చిన పాటల జాబితా కాగితం తీసి చదువుతున్నట్టు పట్టుకుంది. ఇల్లు తుడుస్తున్న జీవమ్మ లేచి వచ్చి, దుమ్ము పడిందక్కా అంటూ ఆ కాగితాన్ని ఆమె చేతిలోంచి తీసుకుంది. కొంగుతో తుడిచి తిరిగి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు తలకిందులు కాకుండా తిప్పి ఇచ్చింది. ఆ మర్నాటి నుంచి సుబ్బలక్ష్మమ్మ జీవమ్మకు టీతో పాటు నాలుగు బిస్కెట్లు పెట్టడం మొదలుపెట్టింది. అది ప్రేమో భయమో ఆమెకే తెలియదు.

మరుసటి ఏడు శ్రావణ మాసం వచ్చింది. వాడి వాడి సీడీ గీతలు పడి, పాటలు మధ్యలో ఎగిరిపోతున్నాయి. భూపేష్ కొత్తది రాయించుకొచ్చి, పాటలన్నీ పాతవేనని చెప్పి బేతంచెర్ల పోయాడు. షాపువాడు అచ్చు వేసిన జాబితా అట్టలోనే పెట్టి ఉంది. సుబ్బలక్ష్మమ్మ మొదటి పది నంబర్లు నొక్కి చూసుకుంది. అన్నీ సరిగ్గా వచ్చాయి. మిగతావీ అట్లే ఉంటాయిలే అనుకుంది.

వరలక్ష్మీ వ్రతం ఆమె ఇంట్లోనే పెట్టుకున్నారు. పాతికమంది పైగా వచ్చారు. హాలులో చాపలు చాలక వరండాలో కూడా కూర్చున్నారు. పూజ అయింది, కథ అయింది. వీధిలో అందరికంటే పెద్దదైన రామసుబ్బమ్మ కర్పూరం వెలిగించి పళ్ళెం ఎత్తింది. స్వర్ణలత సైగ చేసింది. మంగళహారతి అరవై నాలుగు. సుబ్బలక్ష్మమ్మ ఆరు నొక్కి నాలుగు నొక్కింది.

మూలన ఉన్న నల్ల డబ్బా ఒక్కసారిగా దద్దరిల్లింది. ఈలలు, దరువులు, ఆ వెనక ఒక ఆడగొంతు, పిల్లలు వినకూడని మాటలు. కిటికీ అద్దాలు అదిరాయి. ఆమె గాభరాపడి మళ్ళీ ఆరు, నాలుగు నొక్కింది. మళ్ళీ అదే. అరవై ఐదు నొక్కింది. అది ఇంకా ఘోరం. వరండాలో ఎవరో నవ్వు ఆపుకోలేక పైట నోట్లో కుక్కుకున్నారు. రామసుబ్బమ్మ చేతిలో కర్పూరం ఆరిపోవచ్చింది. చివరకు మిషను గొంతు ఆపింది సుబ్బలక్ష్మమ్మే, తీగ పీకి.

స్వర్ణలత మంచి మనసుతోనే లేచి, సీడీ అట్టలోంచి జాబితా తీసి ఆమె చేతిలో పెట్టింది.

"దీంట్లో పేర్లుండాయి కదక్కా. హారతి నంబరెంతో చూసి చెప్పు, నేను పెడ్తా."

అందరి కళ్ళూ ఆమె మీదే. కాగితం నిండా చీమలు పాకినట్టు అక్షరాలు. అద్దాలు లోపలున్నాయని అందామంటే, వ్రతం పీటల దగ్గర కూర్చున్నప్పుడు పెట్టుకున్న అద్దాలు ముక్కు మీదనే ఉన్నాయి. వంటింటి గుమ్మంలో తాంబూలాల పళ్ళెం పట్టుకుని జీవమ్మ నిలబడి ఉంది. ఆమెను చూడగానే సుబ్బలక్ష్మమ్మ నోటినుంచి ఆ మాట తన్నుకొచ్చింది.

"ఈ జీవమ్మే కెలికింటాది. పొద్దున తుడిచేటప్పుడు నొక్కి నొక్కి అంతా చెడగొట్టింటాది."

రామసుబ్బమ్మ అంతటితో ఊరుకోలేదు. చర్చికి పోయే మనిషిని పూజ రోజు ఇంట్లోకి రానిస్తే ఇట్లే ఉంటుందని, కావాలనే చేసి ఉంటుందని అంది. ఇద్దరు ముగ్గురు తలలూపారు. అది కాదని సుబ్బలక్ష్మమ్మ అనొచ్చు. ఒక్క మాట చాలు. ఆమె అనలేదు.

జీవమ్మ ఆమె వైపు చూసింది. ఆమె చేతిలో కాగితం వైపు చూసింది. తర్వాత, తుడిచేటప్పుడు ఏదో నొక్కినానేమో, తప్పయిపోయింది అని మెల్లగా అని, పళ్ళెం బల్ల మీద పెట్టి, వెనక వాకిలి నుంచి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు హారతి నోటితోనే పాడుకున్నారు. సుబ్బలక్ష్మమ్మ కూడా పాడింది.

మర్నాడు జీవమ్మ పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగో రోజు పాలు పోసే ఆవిడ చెప్పింది, రామసుబ్బమ్మ ఇంట్లో, స్వర్ణలత ఇంట్లో కూడా ఆమెను మాన్పించారని. సుబ్బలక్ష్మమ్మ తేలు కుట్టిన దొంగలా లోపలికి వచ్చి కూర్చుంది. తన ఇల్లు తానే ఊడ్చుకుంది, గిన్నెలు తానే తోముకుంది. పనిమనిషిని చూసిపెట్టమంటావా అని ఎవరు అడిగినా వద్దంది.

వ్రతం మర్నాడు పనితో ఫ్యాక్టరీ దగ్గరే ఆగిపోయిన భూపేష్ ఆ పై శనివారం వచ్చాడు. సీడీ పెట్టి రెండు నిమిషాల్లో సంగతి తేల్చాడు. చోటు మిగిలిందని షాపువాడు మధ్యలో యాభై సినిమా పాటలు దూర్చాడు. అరవై తర్వాతవన్నీ వెనక్కి జరిగిపోయాయి. జాబితాలో అదంతా వరసగా రాసే ఉంది, చూసుకోలేదా మా అని అడిగాడు. అడిగిన మరుక్షణం అతని ముఖం మారిపోయింది.

సుబ్బలక్ష్మమ్మ తల వంచుకుంది. భూపేష్, తనకు తెలుసులే అన్నాడు. ఎప్పటినుంచని ఆమె అడిగితే, నాలుగో తరగతి నుంచి అని చెప్పాడు. పిల్లవాడు బడి ఎగ్గొడుతున్నాడని అయ్యవారు రాసి పంపిన కాగితం మీద, ఆమె నవ్వుతూ సంతకం పెట్టి వీపు నిమిరిందట. ఇన్నేళ్ళూ ఎవరి ముందర దాచానని అనుకుందో వాడు అంతా తెలిసి మౌనంగా ఉన్నాడని తెలిశాక, ఆమెకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. అయినా అసలు మాట ఇంకా మిగిలే ఉంది. జీవమ్మ మీద నెట్టేసిన సంగతి చెప్పింది. కొడుకు కోప్పడితే బాగుండునని చూసింది. వాడు కోప్పడలేదు. పోయి చెప్పిరా మా అన్నాడు, అంతే.

జీవమ్మ ఇల్లు పాతబస్తీలో తుంగభద్ర ఒడ్డుకు దగ్గరి సందులో ఉంది. ఆటో లోపలికి పోదు. అడుక్కుంటూ నడిచి పోయేసరికి జీవమ్మ వాకిట్లో చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. లేచి లోపలినుంచి కుర్చీ తెచ్చి వేసింది.

"కూర్చోండమ్మా."

ఆరేళ్ళుగా అక్కా అని పిలిచిన నోరు. ఆ ఒక్క మాటకే సుబ్బలక్ష్మమ్మకు తల కొట్టేసినట్టయింది. కుర్చీ అంచున కూర్చుని, తప్పు తనదేనని, సీడీలోనే పాటలు మారాయని, అనరాని మాట అన్నానని చెప్పింది. జీవమ్మ బియ్యంలోంచి తలెత్తలేదు.

"నాకు తెలుసమ్మా. ఆ పొద్దున తుడిచేటప్పుడే కాగితం చదివినా. మధ్యలో సినిమా పాటలు రాసిండాది. మీకు చెప్పాలనుకున్నా. చెప్తే, మీకు సదువు రాదని నాకు తెలుసునని మీరు నొచ్చుకుంటారేమోనని ఊరకున్నా."

తన గుట్టు కాపాడాలని ఊరుకున్న మనిషినే సుబ్బలక్ష్మమ్మ అదే గుట్టు కోసం నలుగురిలో నిలబెట్టింది. మరి అంతమందిలో నేనే చేశానని ఎందుకన్నావు, నా కోసమేనా అని అడిగింది.

"మీ కోసం కాదమ్మా. కాదంటే నమ్మేవాళ్ళు ఆడ ఎవరుండారు? ఉల్టా మాట్లాడిందని ఇంకో మాట పడేదాన్ని."

తిరిగి పనికి రమ్మని సుబ్బలక్ష్మమ్మ అడిగింది. జీవమ్మ చేటను ఒకసారి చెరిగి, పొట్టు ఊది, ఈడికొచ్చి నాకు చెప్తే ఏమొస్తుందమ్మా, అన్న చోట చెప్పాల కదా అంది. ఆ మాటలో కోపం కూడా లేదు. కోపం ఉంటే తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కాస్త ఊపిరాడేదేమో.

ఆ శుక్రవారం భజన స్వర్ణలత ఇంట్లో జరిగింది. సుబ్బలక్ష్మమ్మ చెప్పాలనే పోయింది. మొదటి పాట అయ్యాక చెబుదామనుకుంది, తర్వాత హారతి అయ్యాక చెబుదామనుకుంది. ప్రసాదం పెట్టేటప్పుడు నోరు తెరిచింది కూడా. స్వర్ణలత ఆమె చేతిలో ఉండ్రాళ్ళు పెట్టి, ఆ రోజు నీ ఇంట్లో ఎంత అవస్థ పడినావో పాపం అంది. ఆ జాలి ముందర నోరు మూసుకుపోయింది. ఉండ్రాయి తిని, చెయ్యి కడుక్కుని ఇంటికి వచ్చేసింది. వచ్చాక తన మీద తనకే పుట్టిన అసహ్యం స్నానం చేసినా పోలేదు.

మళ్ళీ శుక్రవారం అందరూ కూర్చోకముందే, గుమ్మం దాటీ దాటకముందే చెప్పేసింది. ఆగితే మళ్ళీ నోరు పెగలదని ఆమెకు తెలుసు.

"మీకు ఒక మాట చెప్పాల. నాకు సదువు రాదు. ఒక్కక్షరం రాదు. పాటలు నంబర్లతో గుర్తు పెట్టుకుంటాండా. ఆ పొద్దు కాగితం చదవలేక, ఆ సిగ్గుతో జీవమ్మ మీద అబద్ధం చెప్పినా."

అందరూ ఒకేసారి మాట్లాడారు. చదువు రాకపోతే ఏమక్కా, మా అమ్మకు కూడా రాదు అని ఒకామె. నూట ఇరవై నంబర్లు గుర్తు పెట్టుకోవడం చదువు కంటే గొప్ప అని ఇంకొకామె. స్వర్ణలత వచ్చి చెయ్యి పట్టుకుని, అక్షరాలు నేను నేర్పిస్తా అంది. అందరూ ఆమెను ఓదార్చేవాళ్ళే. జీవమ్మ మాట ఎవరూ ఎత్తలేదు. తొమ్మిదేళ్ళు ప్రాణంలా దాచుకున్న గుట్టు ఇంత తేలికగా పోయింది. అది ఎవరికీ లెక్కలోది కాదని తెలిసి, దాని కోసం తాను చేసిన పని ఇంకా నీచంగా కనపడింది.

జీవమ్మ తప్పేమీ లేదని ఆమె మళ్ళీ చెప్పింది. సరేలే, ఆమెకు ఇంకో ఇల్లు దొరికింటాది, పని చేసుకునేవాళ్ళకు కొదవా అని రామసుబ్బమ్మ కొట్టేయబోయింది. సుబ్బలక్ష్మమ్మ కూర్చోలేదు. ఆ చర్చి మాట మీరు అన్నారు పిన్నమ్మా, అనిపించింది నేను అని, ఆమె ముఖంలోకి చూసే అంది. రామసుబ్బమ్మ తమలపాకులు సర్దుకుంటూ వినపడనట్టు ఊరుకుంది. ఆ రోజు భజన త్వరగా ముగిసింది.

అయింది ఇంతే. స్వర్ణలత అప్పటికే వేరే మనిషిని పెట్టుకుంది, ఇప్పుడు ఆమెను ఎట్లా మాన్పించేది అంది. రామసుబ్బమ్మ ఇంట్లో మాత్రం కోడలు జీవమ్మకు కబురు పెట్టి మళ్ళీ పిలిపించుకుంది. ఆ ఇల్లు సుబ్బలక్ష్మమ్మ ఇంటికి సరిగ్గా ఎదురు. సుబ్బలక్ష్మమ్మ ఇంటికి జీవమ్మ పనికి రాలేదు, ఆమె కూడా మళ్ళీ అడగలేదు.

స్వర్ణలత మాట నిలబెట్టుకుని పలక తెచ్చింది. సుబ్బలక్ష్మమ్మ నాలుగు రోజులు కూర్చుంది గానీ వేలు కదల్లేదు. ఆ పలక చూస్తే ఆ కాగితమే గుర్తొచ్చేది. భజన రోజుల్లో స్వర్ణలత కొత్త జాబితా చూసి నంబరు చెప్పేది, ఆమె నొక్కేది. అందరూ ఆమెతో ఇదివరకటి కంటే మెత్తగా మాట్లాడేవాళ్ళు. ఆ మెత్తదనం ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

ప్రొద్దున్నే జీవమ్మ ఎదురింటి వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లే వేళకు సుబ్బలక్ష్మమ్మకు పెరట్లో ఏదో ఒక పని తగిలేది. గిన్నె తోముకుంటూనో, తులసికి నీళ్ళు పోస్తూనో, చీపురు చప్పుడు ఆగే దాకా ఇవతలికి వచ్చేది కాదు. ఆరు నెలలు అట్లా గడిచాయి. ఒకరోజు పెరటి కుళాయికి రాకుండా నీళ్ళు వీధి వైపు కుళాయికే వచ్చి, బిందె పట్టుకుని గేటు దగ్గరే నిలబడాల్సి వచ్చింది. ఎదురుగా జీవమ్మ నడుం నిటారు చేసి చూసింది. సుబ్బలక్ష్మమ్మ చూపు దించుకుంది. లోపలికి పోదామని కాలు కదిలింది గానీ పోలేదు.

భూపేష్ బాగున్నాడా అని జీవమ్మ అడిగింది. బాగున్నాడని సుబ్బలక్ష్మమ్మ చెప్పింది. నీ కూతురు ఎన్నో తరగతికి వచ్చిందని ఆమె అడిగింది. తొమ్మిది అని జీవమ్మ చెప్పింది. జీవమ్మ మిగిలిన నీళ్ళు చల్లి, ముగ్గు వేసి, బకెట్ తీసుకుని లోపలికి పోయే దాకా సుబ్బలక్ష్మమ్మ గేటు దగ్గరే నిలబడింది. బిందె నిండి నీళ్ళు పాదాల మీదుగా పారుతున్నాయి.